బుజ్జిగాడి పేరున ట్రస్టు

ఇంట్లో అందరూ ఆమెను పోలీసమ్మ అంటారు. చేసేది బట్టల షాపులో క్యాషియర్ ఉద్యోగమే గానీ, చూపు మాత్రం అచ్చం పోలీసుదే. అందుకే లాయరు గారి గదిలో తన తండ్రి పక్కన మందుల షాపాయన దర్జాగా కూర్చుని ఉండటం చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది. కన్నకూతురికేమో చివర్లో కబురు, పక్క షాపాయనకేమో ముందే కుర్చీ!

"తమ్ముడి కోసం ట్రస్టు పెడుతున్నానమ్మా," అన్నాడు తండ్రి.

"ట్రస్టేంటి నాన్నా? అవి బళ్ళకీ ఆస్పత్రులకీ కదా? వీడేమన్నా ఆస్పత్రా?"

గోడవార కూర్చున్న బుజ్జిగాడు ఫక్కున నవ్వాడు. నలభై దాటినా వాడు బుజ్జిగాడే. కుట్టుమిషను విప్పి బిగించమంటే చిటికెలో చేస్తాడు. ఎవరేం అడిగినా కాదనడం మాత్రం తెలీదు. తండ్రి తర్వాత వాడికి దిక్కల్లా ఆయన నడిపే మిషన్ల రిపేరు షాపు, దాని మీద రెండు గదులూ.

లాయరు గారు విడమరిచి చెప్పారు. వీలునామా రాస్తే షాపు నేరుగా బుజ్జి చేతికొస్తుంది. ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా వాడు రాసిచ్చేస్తాడు. అదే ట్రస్టులో పెడితే పేరు దాన్ని చూసుకునే ట్రస్టీలది, అనుభవించేది బుజ్జి. వాడున్నంత కాలం ఎవరూ అమ్మడానికి వీల్లేదు. ఆ తర్వాత ఆమె పిల్లలకు వస్తుంది.

"ఆ ట్రస్టీ ఈయనేనా? అనుకున్నా! ఈ మనిషి మీద ఓ కన్నేసి ఉంచమని మా ఆయన పొద్దున్నే చెప్పాడు. లాభం లేనిదే ఊరికే తిరుగుతారా ఎవరైనా?"

మందుల షాపాయన మొహం మాడిపోయింది. "నా ఒక్కడి పేరే అయితే వద్దన్నానమ్మా. నాతోపాటు నువ్వూ ఉండాలి. ఇద్దరి సంతకాలూ లేందే గోడకి మేకు కూడా కొట్టలేం."

"నా చెవిలో పువ్వు పెట్టకండి. ఈయన్ని తీసేసి మా ఆయన్ని పెట్టు నాన్నా, అప్పుడు సంతకం చేస్తా. సొంత బావ కంటే పరాయివాడు ఎక్కువా?"

తండ్రి తల దించుకున్నాడు.

సంతకం అన్న మాట వినగానే బుజ్జిగాడు హుషారుగా లేచొచ్చాడు. లాయరు గారి పెన్ను లాక్కుని చిత్తుకాగితం మీద తన పేరు గిలికేశాడు. "చూడక్కా, నాక్కూడా వచ్చేసింది!"

ఆమె తెల్లబోయింది. మొన్నమొన్నటిదాకా వాడిది వేలిముద్రే. "ఎవర్రా నేర్పింది?"

"బావ! రోజూ షాపుకొచ్చి దిద్దిస్తున్నాడు. నాన్న పోయాక పనికొస్తుందంట. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు."

ఆమె గిరుక్కున తండ్రి వైపు తిరిగింది. "నీకు తెలుసా నాన్నా?"

"తెలుసమ్మా. నీతో ఎట్లా చెప్పను?"

ఏడుపు తన్నుకొచ్చింది. మొగుడి మీద కోపం, ఇంతసేపు నోరు పారేసుకున్నందుకు సిగ్గు, రెండూ ఒక్కసారే. కాసేపటికి కళ్ళు తుడుచుకుని మందుల షాపాయన వైపు తిరిగింది. "తప్పుగా మాట్లాడాను బాబాయ్ గారూ. మీరే ఉండండి."

సంతకం పెట్టబోతూ ఆగి, లాయరు గారితో అంది: "ఇంకొక్క మాట కలపండి. మా ఆయన ఎప్పటికీ ఇందులోకి రాకూడదు. రేపు నేనే వచ్చి కాళ్ళావేళ్ళా పడినా సరే, ఒప్పుకోకండి."