దీనమ్మ పూస

వెంకటసుబ్బారావు గారు చేపల మనిషి. డాక్టరేటు చేపల మీద, పాఠాలు చేపల మీద. పెంకుపురుగుని చేతిలో పెడితే తల ఎటో తోక ఎటో చెప్పడానికి కాసేపు ఆలోచించేవారు. అలాంటాయన ఉన్నట్టుండి పెంకుపురుగుల పండితుడై కూర్చున్నారంటే, ఆ పాండిత్యం ఎవరి టేబులు మీంచి లేచొచ్చిందో జంతుశాస్త్ర విభాగంలో అందరికీ తెలుసు. చెప్పడానికి మాత్రం ఒక్కరికీ నోరు పెగల్లేదు. పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఆయనే విభాగానికి పెద్ద మరి.

ఆ టేబులు రూతుది. ఆయన దగ్గరే పరిశోధన చేస్తోంది. తండ్రి యాకోబుది గుంటూరు వైపు. రంగూను రేవులో గుమాస్తాగా చేసి, మనవాళ్లని అక్కడ ఉండనివ్వని రోజులొచ్చాక ఓడెక్కి వచ్చేశాడు. భార్య దీనమ్మని అప్పటికే రంగూను మట్టిలో పెట్టాడు. ఆమె మెడలోని అంబర్ పూసల దండ ఒక్కటే వెంట వచ్చింది.

అంబరంటే నిజానికి రాయి కాదు. మనిషన్నవాడు పుట్టకముందు ఏదో చెట్టు కార్చిన బంక, భూమిలో పడి రాయంత గట్టిపడింది. దండలోని ఒక పూసలో నువ్వుగింజంత పెంకుపురుగు ఉంది. చిన్నప్పుడు తల్లి ఒళ్లో కూర్చుని దాన్ని ఎండకు పెట్టి చూసుకునేది రూతు. పెద్దయ్యాక మైక్రోస్కోపు కింద పెట్టింది. పురుగు పొట్ట కింది నూగుకి పుప్పొడి అంటుకుని ఉంది. ఒక పువ్వు మీంచి లేచి ఇంకో పువ్వు దగ్గరికి పోతూ బంకలో చిక్కుకుందన్నమాట. ఆ పుప్పొడి చూసిన రోజు రూతు ఆనందం పట్టలేక క్యాంపస్ చెట్ల కింద ఒక్కతే నవ్వుకుంటూ తిరిగింది.

ఇక అక్కణ్ణించి ఒకటే పని. మీసాలకి కణుపులెన్ని, కాలి చివర మడతలెన్ని, నోటి దగ్గరి కుచ్చు ఎలా ఉంది, ఏ కుటుంబంలో చేర్చాలి, ఎందులో చేర్చకూడదు. పూస మీది సన్న పగుళ్లు చూపుకి అడ్డమొస్తుంటే, స్లైడు అద్దాలు అతికించే కెనడా బాల్సం జిగురు పలచగా పట్టించి ఆరబెట్టింది. పగుళ్లు మాయమై పురుగు స్పష్టంగా కనబడింది. ఇలాంటి చేతిపనులు వెంకటసుబ్బారావు గారు చేసీ ఎరగరు, ఎలా చేశావని అడిగీ ఎరగరు.

అది ఎవరూ ఎరగని కొత్త జాతి అని తేలాక, తల్లి పేరు పెట్టాలనుకుంది రూతు. కొత్త జాతిని ముందుగా వర్ణించి అచ్చేసినవాళ్లదే పేరు పెట్టే హక్కు. "ఓసారి చూసిస్తానమ్మా," అని కాగితాలూ పూసా పట్టుకెళ్లారు గురువుగారు. అచ్చయి వచ్చిన వ్యాసం మీద ఆయన పేరొక్కటే ఉంది. పురుగుకి ఆయన భార్య అరుంధతి పేరు. రూతు ప్రస్తావన చిట్టచివర కృతజ్ఞతల్లో, పూసను శుభ్రం చేసినందుకు.

శుభ్రం చేసినందుకట! అంట్లు తోమే మనిషికి చెప్పినట్టు! రూతు ఏడవలేదు. ఏడిస్తే కోపం చల్లారిపోతుందని భయపడింది. ఆ కోపాన్ని కడుపులో పెట్టుకుని జాగ్రత్తగా సాకింది.

దండలో పురుగున్న పూస ఇంకోటి ఉంది. రంగూను బజారులో యాకోబు మోసపోయి కొన్నది. ఈ మధ్యనే కారిన చెట్టుబంకని కరిగించి, ఈ కాలపు పురుగునే అందులో ముంచి అమ్మేశారు. కలకత్తా నుంచి సన్యాల్ అనే పెద్ద కీటక శాస్త్రవేత్త సదస్సుకి వస్తున్నాడని తెలియగానే రూతు ఆ దొంగపూసని మైక్రోస్కోపు కింద పెట్టింది. పక్కన చక్కటి బొమ్మ గీసిపెట్టి భోజనానికి తార్నాకలో మేనత్త ఇంటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి రెండూ లేవు.

"సారు తీస్కపోయిండమ్మా, నేను చూస్తనే ఉన్న," అన్నాడు అటెండరు బాలస్వామి. "పోయి అడుగుతరా?"

"వద్దు బాలస్వామీ. ఉంచుకోనీ."

సదస్సులో వెంకటసుబ్బారావు గారు రెండో పురుగు గురించి అనర్గళంగా మాట్లాడారు. చప్పట్లయ్యాక రూతు లేచి నిలబడింది.

"ఈథర్ చుక్క వేసి చూశారాండి? అసలు అంబరైతే దానికేమీ కాదు. కొత్తబంకైతే అంటుకుంటుంది."

ఆయన ముసిముసిగా నవ్వారు. "శుభ్రం చేసేదానివి నువ్వేగా. నువ్వే వెయ్యమ్మా, అందరి ముందూ వెయ్యి."

రూతు వేసింది. సన్యాల్ వేలు పెట్టి చూశాడు. వేలితో పాటు పూస కూడా లేచొచ్చింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. రూతుకి ఒళ్లంతా చల్లబడ్డట్టు ఎంత సుఖంగా ఉందో!

అంతటితో అయిపోతుందనుకుంది. కానీ సన్యాల్ మొహం ఎర్రబడింది. "మొదటిది కూడా తెప్పించండి," అన్నాడు. బాలస్వామి తెచ్చాడు. సన్యాలే స్వయంగా చుక్క వేసి నొక్కాడు. అదీ వేలికి అంటుకుంది.

అంటుకున్నది పూస కాదు, పైనున్న బాల్సం. ఆ సంగతి ఆ హాల్లో రూతు ఒక్కతికే తెలుసు. వెంకటసుబ్బారావు గారికి అప్పుడే ఏదో తట్టినట్టుంది. చెమటలు కక్కుతూ ఆమె వైపు వంగారు.

"రూతూ, దీని మీద ఏమైనా పట్టించావా తల్లీ? చెప్పమ్మా!"

ఒక్క మాట చెబితే పూస నిలబడుతుంది. పూసతో పాటు ఆయనా, అరుంధతి పేరూ నిలబడతాయి.

"శుభ్రం చేశానంతేనండి," అంది రూతు. "మీరే రాశారుగా."

సన్యాల్ కాగితాలు సర్దుకుని లేచిపోయాడు. అందరూ వెళ్లాక బాలస్వామి మొదటి పూస తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "గిది పారెయ్యమన్నరమ్మా. మీదే కదా, తీస్కపోండ్రి."

తార్నాకలో మేనత్త సువార్తమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

"ఆయన పరువు గంగలో కలిసిందత్తయ్యా. ఇక ఎక్కడా తలెత్తుకోలేడు!" అంది రూతు వాకిట్లోంచే. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

సువార్తమ్మ పూస తీసుకుని, కొంగుతో జిగురు తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసింది.

"మా వదిన మెళ్లోదేగా ఇది. మంచి పూసేగా! మంచిదని చెప్పలేకపోయావటే?"

"చెబితే వాడు బతికిపోయేవాడు."

"మరి వదిన పేరు?"

"ఇంక దీన్ని ఎవరూ నమ్మరు. ఏ పేరూ పెట్టరు." అంది రూతు. "రేపు మళ్లీ అడిగినా అదే చెబుతాను."

సరేలే అన్నట్టు సువార్తమ్మ పూస తిరిగి ఇవ్వబోయింది. రూతు చెయ్యి చాపలేకపోయింది.