ఒట్టు లేని ఉదయము

హేమంతప్రభాతమున సముద్రముమీదినుండి వచ్చిన మంచు బాపట్ల వీధులను విడువక ఇంటిచూరులనుండి బొట్లుబొట్లుగా రాలుచుండ సుభాషిణి కాగిన పాలగిన్నెను దించి పొయ్యిగట్టును తడిగుడ్డతో తుడుచుచుండెను. గ్యాసు కట్టితినో లేదో యను సంశయము నాలుగేండ్లుగా ఆమెను వెన్నంటియుండెను. ఉదయముననే బాలికల పాఠశాలకు పోయి లెక్కలు బోధింపవలసిన ఆ యువతి బస్సు నిలుచు తావుదాక పోయి మరలివచ్చి గ్యాసుబండను తడవిచూచి మరల పోయి మరల వచ్చి తుదకు ఇంటివారిని సాక్ష్యమడుగుచుండెడిది.

అడిగినప్పుడెల్ల భర్త ప్రభాకరము ఆమె తలపై చేయివైచి ఒట్టువేయును. అత్త రత్తమ్మ తన కన్నులమీద ఒట్టుపెట్టుకొనును. ఆ ఒట్టు నిమేషకాలము ఊరటనిచ్చి పిదప అంతకంటె గట్టి ఒట్టును కోరుచుండెను. కరుణాతిశయమున తామే ఆ వ్యాధికి అనుదినము అన్నము పెట్టుచున్నట్లు ఆ యిరువురు ఎరుగరైరి. ఆలస్యములకు విసిగిన పాఠశాలవారు చికిత్సకై ఇచ్చిన సెలవు ముగియు సోమవారమున తొలిగంటకు రానిచో ఆ కొలువును వేరొకరికి ఇత్తుమని వ్రాసిరి.

అంతట గుంటూరి వైద్యశాలలో ఆరువారములు చికిత్స జరిగెను. శిరస్త్రాణమును బోలిన యంత్రమును తలకు తొడిగి అయస్కాంతస్పందనములను మెదడునకు పంపుటకు ముందు మనోవైద్యురాలు నళిని ఆ భయమునే బుద్ధిపూర్వకముగ మేల్కొలుపుచుండెను.

“మీ ఇంట్లో గ్యాసు ఈపాటికి లీకవుతూ ఉండొచ్చమ్మా. కాదని నేను చెప్పను.”

“మందివ్వమని వస్తే మంట పెడతారేంటండీ!”

“యంత్రం ఆ భయం పట్టును కాస్త సడలిస్తుంది, అంతే. ఎవర్నీ అడక్కుండా గడప దాటాల్సింది మీరే. ఇంట్లోవాళ్లు కూడా ఒట్లు మానాలి.”

యంత్రము నిలిచినపిదప వారిరువురు ఎదురెదురుగ కూర్చుండి ఆ భయమును గూర్చి మాటలాడుకొనుచుండిరి. దానిని తరుమక శమింపజేయక దానితోడనే కూర్చుండుటను సుభాషిణి అభ్యసించెను. భయము పోలేదు. కాని అది పిలిచినంతనే లేచిపరుగెత్తవలసిన పని లేదని ఆమెకు తెలియవచ్చెను.

ఒట్లు మానవలెనను నియమము రత్తమ్మకు మ్రింగుడుపడలేదు.

“కోడలు అల్లాడిపోతుంటే నోరు కుట్టుకు కూర్చోమంటారా? ఒక్క ఒట్టేస్తే నా నోరేమన్నా అరిగిపోతుందా?”

“ఇవాళ మీరొకటేస్తే రేపు నేను పది అడుగుతానత్తయ్యా. కాళ్లు పట్టుకు బతిమాలినా వెయ్యకండి,” అని సుభాషిణి నిశ్చయముగ పలికెను.

ఆ సోమవారమే నేడు. గట్టు తుడిచి ముగించి బండను ఒక్కమారు కట్టి ఆమె చేయి వెనుకకు తీసికొనెను. చీరకుచ్చెళ్లు సవరించుకొని సంచి భుజమున తగిలించుకొని గడపకడకు వచ్చినంతనే లేని గ్యాసువాసన ముక్కుపుటములను తాకినట్లయ్యెను. ప్రశ్న నాలుకతుదకు వచ్చి నిలిచెను.

ప్రభాకరము అరుగుమీద బూటునాడాలను విప్పి మరల కట్టుచు తల యెత్తడయ్యెను. రత్తమ్మ హస్తము అలవాటుచొప్పున కన్నులవరకు లేచెను. లేచిన చేతిని ఆ ముదుసలి అటనే ఆపి ముంగురులను వెనుకకు త్రోసికొనెను. అడిగిన నిరాకరింపగల బలము ఆమెకు లేదని కోడలు ఎరుగును. కనుకనే అడుగలేదు.

భయము తగ్గువరకు నిరీక్షింపక దానిని తనవెంట బెట్టుకొనియే సుభాషిణి గడపదాటి మంచులోనికి నడచిపోయెను.