రెండో భాగానికి చింపిన కాగితాలు

కెనడాలోని రెజైనాలో, ఆ బేస్‌మెంట్‌లో అద్దెకుండే తెలుగు స్టూడెంట్లకు ఆదివారం వస్తే షాపులవాళ్లు పంచే ఫ్లయర్లు చింపడమే పని. అభిమాన సూపర్‌హీరో సినిమా రెండో భాగం మొదటి ఆటకి థియేటర్లో ఎగరేయడానికి గోతాం నింపుతున్నారు. ఇంతలో దర్శకుడు తప్పుకున్నాడని ఫోన్లో వార్త వచ్చింది.

"సగంలో వదిలేసి పోవడానికి సిగ్గుండాలి!" వంశీధర్ భగ్గుమన్నాడు. "చేతకాకపోతే ముందే చెప్పొచ్చుగా!"

చక్రధర్ చింపుతున్న కాగితం సగంలోనే ఆపేశాడు. కాలేజీ మానేశానని, శుక్రవారం ఇండియా వెళ్లిపోతున్నానని ఇవాళైనా వీళ్లకు చెబుదామనుకున్నాడు.

"ఏం కష్టమొచ్చిందో పాపం" అన్నాడు.

"నువ్వు వాడి పార్టీయా?" అందరూ మీదపడ్డారు.

"కాదులేరా. హీరో మనోడే కదా, సినిమా ఎలాగూ వస్తుంది."

చక్రధర్ తలవంచుకుని, తాను ఉండని ఆ మొదటి ఆటకి మళ్లీ కాగితాలు చింపసాగాడు.