మచ్చ లేని ఫోటో

ఆయన్ని అందరూ ఫోటో మాస్టారు అంటారు. బళ్ళో ఒక్కరోజు పాఠం చెప్పిన పాపాన పోలేదు. నీటి సరఫరా ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం. కానీ ఆదివారం వచ్చిందంటే చాలు, వీధి చివరి హాల్లో కుర్చీలు వేయించి, కొత్తగా కెమెరాలు కొన్నవాళ్ళందరినీ పోగేసి, గొంతు బొంగురుపోయేదాకా చెబుతాడు. చెప్పేది పనికొచ్చేదే, ఆ మాట ఒప్పుకోవాలి. మొహం తియ్యాలంటే ఫ్లాష్ జోలికి పోకండి, మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి అంటాడు. ఫోకస్ కళ్ళ మీద పెట్టండి, చెవి మసకబారితే ఎవడూ అడగడు అంటాడు. రంగులు పెంచే మీట దొరికింది కదా అని చివరిదాకా లాగితే మనిషి మిఠాయి బొమ్మలా తేలతాడని నవ్విస్తాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనది మొండిపట్టు. దిద్దిన ఫోటోని వేరే పేరుతో దాచుకోండి, ఒరిజినల్‌ని ముట్టుకోకండి అని లోకమంతా చెబుతుంది. మాస్టారు దానికి అడ్డం తిరిగాడు.

"ఒరిజినల్ దాచుకున్నాడంటే వాడికి వాడి చేతి మీదే నమ్మకం లేదన్నమాట. దిద్దావా? దాని మీదే సేవ్ కొట్టు. ఇంక వెనక్కి చూడకు" అని బల్ల మీద చరిచేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇంటికెళ్ళి నోరు మూసుకుని ఒరిజినల్ దాచుకునేవాళ్ళు. చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించింది మాస్టారు ఒక్కడే.

ఇంట్లో ఆయన, భార్య, ఆయన అక్క. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అక్కే ఆయన్ని ఎత్తుకుని పెంచింది. ఆవిడకి పిల్లల్లేరు. భర్త పోయాక తమ్ముడి దగ్గరికే వచ్చేసింది. యాభై దాటాక ఆవిడ ఎడమ చెంప మీద గోరంత తెల్లమచ్చ లేచింది. ఏడాది తిరిగేసరికి చెంపంతా పాకింది. నొప్పి లేదు, ప్రమాదం లేదు, మందూ లేదు అని డాక్టర్ చేతులెత్తేశాడు. అక్క నలుగురిలోకి వెళ్ళడం మానేసింది. ఎవరైనా వస్తే ఆ చెంప గోడవైపు తిప్పుకుని కూర్చునేది.

తమ్ముడికి అది చూడలేక ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు బతిమాలి కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫోటో తీశాడు. కుడి చెంప మీది చర్మాన్ని కొంచెం కొంచెంగా తెచ్చి ఎడమ చెంప మీద అద్దాడు. అంచులు కలిపాడు, నీడ సరిచేశాడు. పెద్ద సైజులో ప్రింటు తీయించి తెచ్చి చేతిలో పెట్టాడు.

అక్క దాన్ని చాలాసేపు చూసింది. "ఒరేయ్ బుజ్జీ, ఇది నేనేరా!" అని బావురుమంది. బుజ్జికప్పటికి బట్టతల, ముందుకొచ్చిన పొట్ట. అయినా అక్క పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు.

ఆ తర్వాత తమ్ముడు తప్ప ఇంకెవరు కెమెరా ఎత్తినా అక్క మొహం కప్పేసుకునేది. తమ్ముడు తీసినవి మాత్రం గదినిండా అంటించుకుంది. అన్నీ దిద్దినవే, ఒరిజినల్ మీద సేవ్ కొట్టినవే. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు పుట్టుకొచ్చింది. మచ్చ అన్న మాట ఎవరూ ఎత్తకూడదు. "ఇవాళ ఇంకాస్త పాకినట్టుంది కదరా?" అని అక్క అడిగితే, "ఏ మచ్చక్కా? నాకేం కనబళ్ళేదే!" అనాలి. భార్యకీ అదే నేర్పాడు. వచ్చిన చుట్టాలకి గుమ్మంలోనే చెవిలో ఊదేవాడు. ప్రేమ కొద్దీ చేసిన పనే అది. కాదని ఎవరనగలరు?

తర్వాత అక్కకి మతిమరుపు మొదలైంది. ముందు తాళంచెవులు పోయాయి, తర్వాత వారాలు పోయాయి, ఆ తర్వాత మనుషుల పేర్లు. అద్దం ముందు నిలబడి తడిగుడ్డతో చెంప రుద్దుకుంటూనే ఉండేది. ఒకసారి చర్మం లేచిపోయి రక్తం కూడా వచ్చింది. మాస్టారు అద్దం తీసేసి అటక మీద పెట్టాడు.

ఒకరోజు ఆయన ఆఫీసులో ఉన్నాడు. భార్య బట్టలు ఆరేసి మేడ దిగివచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. అక్క లేదు.

సందుసందూ గాలించారు. భార్య బస్టాండువైపు పరిగెత్తింది, మాస్టారు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు. గుర్తింపు కార్డు మీది ఫోటో మచ్చ రాకముందుది, అది ఆవిడేనా అన్నట్టు ఉంటుంది. అందుకని తన ఫోన్లోంచి అన్నిటికన్నా మంచిది ఏరి ఇచ్చాడు. రాసుకుంటున్న పోలీసాయన తలెత్తకుండా, "ఒంటి మీద గుర్తులేమైనా ఉన్నాయా? మచ్చలూ గట్రా?" అని అడిగాడు.

"లేవండి" అన్నాడు మాస్టారు.

కావాలని ఆడిన అబద్ధం కాదది. ఏళ్ళ తరబడి అలవాటైన జవాబు, నోరు దానంతటదే చెప్పేసింది. పోలీసాయన ఫోటో చూసి, "బ్రహ్మాండంగా ఉందండీ, స్టూడియోలో తీయించారా?" అన్నాడు. అంత దుఃఖంలోనూ మాస్టారికి లోపల ఎక్కడో ఒక పిసరు గర్వం కలిగింది. మనిషికి సిగ్గనేది ఎప్పుడు వస్తుందో ఏమో.

మర్నాటికల్లా ఆ ఫోటో, వయసు, ఒంటి మీది స్వెటర్ రంగు, ఫోన్ నంబరు వేసి ఊరంతా పోస్టర్లు పడ్డాయి. ఆదివారాల శిష్యులు తలో కట్టా పట్టుకెళ్ళి బస్టాపుల్లో, మార్కెట్ గోడల మీద, ఆసుపత్రుల గేట్ల దగ్గర అంటించి వచ్చారు. భార్య అప్పటిదాకా రోడ్లన్నీ తిరుగుతూనే ఉంది. సాయంత్రం ఒక బస్టాపులో పోస్టర్ ముందు కొయ్యబారిపోయింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"ఏవండీ, మచ్చేదండీ?"

ఆ ఇంట్లో ఆ మాట వినబడి ఎన్నేళ్ళయిందో. మాస్టారు ఉలిక్కిపడ్డాడు. "కళ్ళు అవే, ముక్కు అదే. అక్కని ఎరిగినవాళ్ళెవరైనా ఇట్టే గుర్తుపడతారు" అన్నాడు.

"ఎరిగినవాళ్ళకి పోస్టరెందుకండీ? ఎరగనివాళ్ళు చూడాలి కదా! వాళ్ళకి వదిన మొహంలో ముందు కనబడేది మచ్చేనండీ. అది లేకపోతే ఆవిడ కాదనుకుంటారు."

మాస్టారు ఇంకొంచెంసేపు వాదించాడు. రేపు అక్క తిరిగొచ్చి ఊరి గోడలన్నిటి మీదా తన మచ్చ చూసుకుంటే తట్టుకోగలదా అన్నాడు. అంటూనే లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పాత ఫోల్డర్లన్నీ తెరిచాడు. ప్రతి ఫోటోలోనూ అక్క నవ్వుతోంది, చెంపలు రెండూ ఒకే రంగులో నిగనిగలాడుతున్నాయి. వేరే డిస్కులు వెతికాడు, కెమెరా కార్డులు వెతికాడు, చెత్తబుట్టలో వేసినవి కూడా వెతికాడు. ఆవిడ అసలు మొహం ఎక్కడా లేదు. మొత్తం తుడిచింది తనే.

అప్పుడొక బుద్ధి పుట్టింది. చెరిపినవాడికి గియ్యడం రాదా? బ్రష్ తీసుకుని చెంప మీద మచ్చ పెట్టడం మొదలుపెట్టాడు. పెట్టబోతే గుర్తు రాలేదు. కంటి రెప్పని తాకేదా, తాకేది కాదా? పెదవి దాకా వచ్చిందా, మధ్యలో ఆగిందా? రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి. భార్యని పిలిచి అడిగాడు. ఆవిడ ఒకలా చెప్పింది, ఈయనకి ఇంకోలా అనిపించింది. చెప్పినట్టు పెట్టి చూస్తే ముఖానికి సున్నం కొట్టినట్టుంది. అంచులు మెత్తబరిచాడు. రంగు తేలిపోయింది. చెరిపాడు, మళ్ళీ పెట్టాడు.

"పెన్నుతో రాసెయ్యండి, ఎడమ చెంప మీద తెల్లమచ్చ ఉందని! పోలీసాయనకి ఫోన్ చేసి చెప్పండి!" అంది భార్య.

"చేస్తానన్నాను కదా! ఫోటో సరిగ్గా ఉంటే ఒకేసారి రెండూ పంపిస్తా. తప్పుడు మచ్చ పెడితే అసలుకే మోసం. ఇదొక్కటీ కానియ్" అని కసిరాడు.

తెల్లారినా ఆ ఒక్కటీ కాలేదు. భార్యకి సహనం చచ్చిపోయింది. ఆయన ఆఫీసు సంచీలో కాగితాల మీద తప్పులు కప్పే వైట్‌నర్ సీసా ఉంటే తీసుకుంది. ముందు తనే స్టేషన్‌కి ఫోన్ చేసి మచ్చ సంగతి చెప్పింది. తర్వాత చెప్పులేసుకుని బయల్దేరింది. కనబడిన పోస్టరల్లా పట్టుకుని, ఎడమ చెంప మీద బ్రష్‌తో తెల్లగా పూసుకుంటూ పోయింది. అందం లేదు, అంచుల్లేవు. దారినపోయే ఒకాయన పోస్టర్లు పాడుచేస్తోందని తిట్టిపోశాడు కూడా. ఆవిడ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం దాటాక మాస్టారి ఫోన్ మోగింది. ఆయనప్పటికీ రెప్ప దగ్గర అంచు దిద్దుతూనే ఉన్నాడు. ఊరికి అవతలి కొసన ఉన్న ఆసుపత్రి నుంచి ఫోన్. గేటు దగ్గర పోస్టర్ మీద ఎవరో మచ్చ పూసి వెళ్ళారట. డ్యూటీకొచ్చిన నర్సు అది చూసిందట. ఒకసారి వచ్చి చూసుకోమన్నారు. బతికుందా అని అడక్కుండానే ఆయన బయటికి పరిగెత్తాడు.

వార్డులోకి కాదు, కిందికి తీసుకెళ్ళారు. ఫోన్లో కబురు విని భార్య అప్పటికే వచ్చి గోడ పక్కన నిలబడి ఉంది, వేళ్ళనిండా తెల్లరంగు ఎండిపోయి ఉంది. దుప్పటి తొలగించారు. అక్కే. మచ్చ రెప్పని తాకనే లేదు. చెవి కింది నుంచి మెడ మీదికి దిగింది. మాస్టారు రాత్రంతా గీసిన మచ్చకీ దీనికీ పొంతనే లేదు.

"రోడ్డు దాటుతూ పడిపోయారంట సార్. తలకి దెబ్బ. పైగా ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. పొద్దున్నే పోయారు" అంది నర్సు. నడివయసు మనిషి, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "ఇంటివాళ్ళెవరో తెలిస్తే నిన్ననే పెద్దాసుపత్రికి మార్పించేవాళ్ళం. సంతకం పెట్టడానికి మనిషి ఉండాలి కదా సార్."

మాస్టారు నర్సు వైపు తిరిగాడు. "పోస్టర్... నిన్నటి నుంచీ మీ గేటు దగ్గర ఉంది కదమ్మా?"

"ఉంది సార్. నేను చూడకపోలేదు. వయసు సరిపోయింది, స్వెటర్ రంగు సరిపోయింది. అనుమానమొచ్చి ఒకటి ఊడదీసి ఆవిడ మంచం దగ్గరికే పట్టుకెళ్ళాను." నర్సు దుప్పటి అంచు సరిచేసింది. "అప్పుడు తెలివిగానే ఉన్నారు. ఇది మీరేనామ్మా అని అడిగాను. కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశారు సార్. పాపం ఎవరో, బాగుంది అన్నారు. నేను కాదమ్మా, నాకు చెంప మీద ఇంత మచ్చ ఉంది అన్నారు."

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అని, నా మొహంలోకి చూసి అడిగారు సార్. మా ఇంట్లో ఇది ఎవ్వరికీ కనబడదమ్మా, నాకొక్కదానికే కనబడుతుంది, నాకు పిచ్చేమోనని భయంగా ఉంటుంది, నీకు కనబడుతోందా అని. కనబడుతోందమ్మా, నిజంగానే ఉంది అన్నాను. అంతే, నా చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. నేనలా అనకూడదా సార్?"

మాస్టారు మొహం గోడవైపు తిప్పుకుని కింద కూర్చున్నాడు. నర్సుకి జవాబు చెప్పింది భార్యే.

"లేదమ్మా. మంచి పని చేశావు" అంది.