చుక్కల్లో ఇరవై ఒకటి

మల్లికార్జున్‌ను మగ్గం దగ్గర్నుంచి లేపింది వాళ్ల నాన్న శివశంకరే. గద్వాలలో వాళ్లది చీరలు నేసే ఇల్లు. పదో తరగతి సెలవుల్లో వాణ్ని రెండు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని కండెలు అందించమన్నాడు. ఎర్ర నూలు కండె అడిగితే వాడు ఆకుపచ్చది అందించేవాడు. ఆకుపచ్చది అడిగితే చెల్లెలు ప్రియ మొహం చూసేవాడు.

"వీనికి పని మీద ధ్యాస లేదు. సదువుకన్న పోనీ" అని శివశంకర్ ఆ ఏడే, అంటే 2005లో, ఊరి చివరి జూనియర్ కాలేజీలో ఆటోమొబైల్ గ్రూపులో చేర్పించాడు.

ఆ చదువు వాడికి అచ్చొచ్చింది. మొదటి ఏడంతా ఇంజను విప్పడం, క్లచ్ ప్లేట్లు మార్చడం, బ్రేకులు బిగించడం. అన్నీ చేతికి తగిలేవి, చెవికి వినపడేవి. ఇంజను మోత విని నాలుగు సిలిండర్లలో ఏది సరిగా కొట్టడం లేదో చెప్పేవాడు. ఇన్‌స్ట్రక్టర్ సామ్యూల్ సారు నాగర్‌కర్నూల్ మనిషి, లారీ షెడ్లలో పదిహేనేళ్లు నూనె మరకల్లో బతికి వచ్చినవాడు. ఎవరినీ ఊరికే మెచ్చుకోడు. అటువంటివాడు కూడా ఒకరోజు, "నీ చేతుల పని ఉన్నదిరా" అన్నాడు. ఆ మాట పట్టుకుని మల్లికార్జున్ ఏడాదంతా హుషారుగా తిరిగాడు.

రెండో ఏడు వైరింగు మొదలైంది. కాలేజీ షెడ్డులో ఒక పాత జీపు ఉండేది. దాని హెడ్‌లైట్లు, హారన్, ఇండికేటర్లు పిల్లలే విప్పి మళ్లీ కలపాలి. మల్లికార్జున్ మొదటిసారి కలిపితే హారన్ కొడితే లైటు వెలిగింది. రెండోసారి ఫ్యూజు ఎగిరింది. మూడోసారి డ్యాష్‌బోర్డు వెనక నుంచి పొగ లేచింది. సామ్యూల్ సారు ఉరికొచ్చి బ్యాటరీ తీగ పీకేశాడు.

"ఎర్రది ఎర్రదానికి, పచ్చది పచ్చదానికి. గింత చిన్న మాట ఎన్నిసార్లు చెప్పాలెరా? కండ్లు ఏడ పెట్టినవ్? రేపటి సంది వైరింగు దిక్కు రాకు. నట్లు కడుగు. సోమారం మీ నాయినను తోల్కరా."

మల్లికార్జున్ పోయి నట్ల డబ్బా ముందు కూర్చున్నాడు. చూడకుండా పెట్టి ఉంటే తప్పు ఒప్పుకునేవాడు. కళ్లు మంటలు పుట్టేదాకా చూసి చూసే పెట్టాడు. ఇంట్లో నాన్న అన్నదీ అదే, ఇక్కడ సారు అన్నదీ అదే. ఇద్దరు పెద్దవాళ్లు ఒకే మాట అంటే తన బుర్రలోనే ఏదో వదులు ఉందని వాడికి నమ్మకం కుదిరింది. నాన్నను తీసుకురావడం కన్నా కాలేజీ మానేయడమే నయమనిపించింది. రాయచూరు పప్పు మిల్లులో పనికి పోతున్న దోస్తుతో తనూ వస్తానని కూడా అన్నాడు.

మర్నాడు గురువారం. ఆ రోజు ఆటోమొబైల్ వాళ్లకు జనరల్ క్లాసు ఒకటి ఉంటుంది. చెప్పేవాళ్లు లేక ప్రిన్సిపాల్ దాన్ని జువాలజీ కాంట్రాక్టు లెక్చరర్ అమూల్యకు అంటగట్టాడు. ఆమె రోజూ వనపర్తి నుంచి బస్సులో వచ్చేది. "నాకొచ్చింది జీవశాస్త్రమే. గదే చెప్త, వినుర్రి" అని మొదటిరోజే చెప్పేసింది. రేడియేటర్‌ను చెమటతోనూ, ఫిల్టర్‌ను మూత్రపిండంతోనూ పోల్చి చెప్తుంటే మెకానిక్ పిల్లలు బాగానే వినేవారు.

ఆ గురువారం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఏమేం వస్తాయో పాఠం. తెలిసిన కంటి డాక్టరు దగ్గర అడిగి ఒక చుక్కల పుస్తకం తెచ్చింది. ప్రతి పేజీలోనూ రంగురంగుల చుక్కల గుండ్రం, అందులో ఒక అంకె. ఒక పేజీ ఎత్తి చూపించగానే క్లాసంతా "డెబ్బై నాలుగు" అంది.

"ఇర్వై ఒకటి మేడం" అన్నాడు మల్లికార్జున్.

అందరూ నవ్వారు. వాడు నవ్వించడానికి అనలేదు. అమూల్య కూడా నవ్వలేదు. పేజీ తిప్పింది. ఈసారి అందరూ ఏదో అంకె చెప్పారు, వాడికి చుక్కలు తప్ప ఏమీ కనపడలేదు. ఆమె పుస్తకం మూసి, గంట కొట్టాక వాణ్ని ఉండమంది.

"మీ అమ్మ వాళ్ల నాయిన ఉన్నడా?"

"ఉన్నడు మేడం. రాజోలిల."

"ఏం చేస్తడు?"

"నేత పని. తెల్ల పంచెలు తప్ప ఇంకేం నెయ్యడు."

ఆమె వాడి ఎదుట బెంచీ మీద కూర్చుంది. "కొంతమంది కండ్లకు ఎరుపు, పచ్చ ఒక్కతీరుగ కనపడతయి. పుట్టుకతోనే ఉంటది. మీ నాయిన నుంచి రాదు. మీ తాతకు ఉంటే మీ అమ్మ లోపల దాస్కొని నీకు ఇస్తది, ఆమెకు మాత్రం అన్ని రంగులు కనపడతయి. దీన్ని వర్ణాంధత్వం అంటరు. ఎంత ధ్యాస పెట్టి చూసినా నీకు తేడా తెల్వదు. ధ్యాసకు, దీనికి సంబంధం లేదు."

"ఇంకోసారి చెప్పుర్రి మేడం."

"ఏది?"

"ఆఖరి మాట."

ఆమె మళ్లీ చెప్పింది. వాడు బయటికి పోయి నల్లా కింద మొహం కడుక్కుని, చాలాసేపు నీళ్లు కారుతున్న మొహంతో అలాగే నిలబడ్డాడు.

అమూల్య తనే వాణ్ని షెడ్డుకు తీసుకుపోయింది. విన్న సామ్యూల్ సారుకు మొదట నమ్మకం కలగలేదు. నాలుగు తీగ ముక్కలు తెచ్చి వాడి ముందు పరిచాడు. "ఎర్రది ఏది?" వాడు ఒకటి చూపించాడు. సారు వాటిని వీపు వెనక్కి తీసుకుని, కలిపి మళ్లీ పరిచాడు. వాడు ఈసారి ఇంకొకటి చూపించాడు. సారు పాత టైరు మీద కూలబడ్డాడు.

"తెల్వక తిట్టినరా" అన్నాడు. "జర ముందుగాల చెప్పరాదు?"

"నాకు గూడ తెల్వదు సార్."

"గదీ నిజమే." లేచి డబ్బాలోంచి టెస్ట్ ల్యాంపు తీశాడు. "రంగుతోని పనేంది మనకు? తీగ ఏడికెళ్లి బయల్దేరి ఏడికి పోతదో గీ బల్బు చెప్తది. వెలిగితే కరెంటున్నది, లేకుంటే లేదు. విప్పేటప్పుడే తీగతీగకు తెల్లటేపు చుట్టి నంబరెయ్యి. మీ నాయినను తోల్కరావాల్సిన పని లేదు, పో."

డ్రైవరు ఉద్యోగానికి ఈ కళ్లతో ఇబ్బంది వస్తుందని అమూల్య ముందే చెప్పింది. మల్లికార్జున్‌కు ఆ బెంగ లేదు. వాడికి కావలసింది బానెట్ కింది పని. వారం తిరిగేసరికి జీపు లైట్లన్నీ దేనికది వెలిగాయి. వైరింగంతా తెల్ల చీటీలతో చింతకాయలు కాసిన కొమ్మలా ఉందని పిల్లలు ఎగతాళి చేశారు. సారు మాత్రం ఒక్కొక్క చీటీ చదువుకుంటూ పోయి, చివర తల ఊపాడు.

ఇంట్లో సంగతంతా విని తల్లి అలివేలు ముద్ద కంచంలోనే వదిలేసింది. "ఆ పుస్తకం మేడమునడిగి తే. ఆదివారం రాజోలికి పోదాం" అంది.

బస్సులో ఆమె చెప్పింది. అలివేలు పుట్టిన నెల, ఆమె తల్లి కాన్పుకని పుట్టింటికి పోయినప్పుడు, ఆమె నాన్న మార్కండేయ తాత ఒక్కడే ఒక పెళ్లిచీర నేశాడు. అంచు ఎర్రగా రావాలి. సగం ఎర్రగా, సగం ఆకుపచ్చగా వచ్చింది. పెళ్లివాళ్లు పదిమందిలో చీర మొహాన కొట్టారు. తాగి నేసినాడన్నారు. తాత ఆ తర్వాత ఎన్నడూ రంగు నూలు ముట్టలేదు.

వాళ్లు వెళ్లేసరికి తాత పంచె అంచు సరిచూసుకుంటున్నాడు. మల్లికార్జున్ ఏమీ చెప్పకుండా పుస్తకం తెరిచి చూపించాడు. ముసలాయన దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇర్వై ఒకటి. గిదేం పరీక్షరా?"

అలివేలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాడు మేడం చెప్పినదంతా చెప్పాడు, ఆఖరి మాటతో సహా. తాత పేజీలోని చుక్కలను వేలితో తడిమాడు.

"మీ అవ్వ పొద్దున్నే కండెలు వరుస పెట్టి పోయేది. నేను వరుస చూస్తుంటి, రంగు గాదు. ఆమె లేని నెలల గట్లయింది. నేను తాగలేదు బిడ్డా."

"తెలుసు నాయినా" అంది అలివేలు.

"ఇంతకాలం నాకే అనుమానముండె, తాగిన్నేమోనని." ఆయన గట్టిగా ఊపిరి వదిలి, మనవడి వైపు జరిగాడు. "మిరప చేన్ల పండుకాయ ఏదో, పచ్చికాయ ఏదో నీకు కనపడతదా?"

"కనపడదు తాతా. ఒత్తి చూస్త."

"నేను గూడ ఒత్తే చూస్త."

ఇద్దరూ ఒకరి రహస్యాలు ఒకరికి చెప్పుకుంటూ మగ్గం పక్కనే కూర్చుండిపోయారు. అలివేలు రొట్టెలు చేసి రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవకుండా కంచాలు అక్కడికే తెచ్చి పెట్టింది.