ఉల్లిపాయ చివర్లో వేసిన మనిషి

మర్నాడు పొద్దున మా వదినకి ఇంగ్లీషు లిజనింగ్ పరీక్ష. పాసైతే ఆస్పత్రి వంటింట్లో పెద్ద వంటమనిషి అవుతుంది. తప్పితే ఇప్పటిలాగే అక్కడే గిన్నెలు తోముతుంది. సరిగ్గా ముందురోజే మాకు ఇంగ్లీషు చెప్పే సారుకి గొంతు పోయింది. స్పీకరు నా చేతిలో పెట్టి, క్లాసు నువ్వే నడుపు అని సైగ చేసి వెళ్లిపోయారు. వినడంలో నాకే మంచి మార్కులు వస్తాయి. నోరు విప్పని పిల్లకి చెవులైనా పనిచెయ్యాలి కదా అంటుంది వదిన.

గది టైర్ల కొట్టు మీద ఉంది. కింద సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా కుర్చీలు అదురుతాయి. ముందు వరసలో వదిన, పక్కన డ్రైవరు బాబాయి, వెనక ఇంకొందరు. లేచి నిలబడ్డాను. ఎవరి మొహమూ చూడకుండా మీట నొక్కాను.

రికార్డులో ఒకాయన సూప్ చేస్తున్నాడు. బంగాళాదుంపలు ఉడికించి, పాలు పోసి, చివర్లో ఉల్లిపాయ వేశాడు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ప్రశ్న. వదిన కాగితంలో ఉల్లిపాయ అన్నిటికంటే ముందుంది.

"వదినా, ఆయన చివర్లో వేశాడు."

"విన్నానే. పచ్చివాసన కొట్టదూ?"

"కొడితే కొట్టనీ. ఆయన చెప్పిందే రాయాలి."

"తప్పని తెలిసీ ఎలా రాయను?"

"నిన్నేమన్నా వడ్డించమన్నారా తల్లీ," అన్నాడు డ్రైవరు బాబాయి.

రికార్డు మళ్లీ పెట్టాను. ఈసారి ఉల్లిపాయ సరైన చోటే ఉంది గానీ ఉప్పు కొత్తగా వచ్చి చేరింది. ఆయన ఉప్పు ఊసే ఎత్తలేదు.

"మర్చిపోయుంటాడు పాపం," అంది వదిన.

నాకు కాలు నిలవలేదు. కిటికీ దాకా వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను. వదినకి వినపడకపోవడం కాదు, విని ఊరుకోలేకపోతోంది. రాత్రికల్లా ఇది మారకపోతే రేపు అంతే సంగతులు.

తర్వాతి పాఠం భోజనం గురించి ఇంగ్లీషులో మాట్లాడుకోవడం. పుస్తకంలో 'మీకిష్టమైన వంట' అని ఉంది. పుస్తకం మూసేశాను.

"బాబాయ్, మీరు వంట ఎలా చేస్తారో చెప్పండి. అది విని వదిన మళ్లీ చెప్పాలి. ఒక్క ముక్క కూడా బాగుచెయ్యకూడదు," అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు.

డ్రైవరు బాబాయి చన్నీళ్లలో గుడ్డు పగలగొట్టి వేసి, ఆపైన పొయ్యి వెలిగిస్తాడట. అందులోనే నూడుల్స్ పడేసి ఓ కునుకు తీస్తాడట. మాడువాసనకి మెలకువ వస్తుందట.

వదిన బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. గుడ్డు దగ్గరే ఆగిపోయింది.

"చెప్పు వదినా."

"నా నోటితోనా?"

"నీ నోటితోనే."

చేదుమాత్ర మింగినట్టు మొహం పెట్టి, మాడువాసన దాకా చెప్పింది. డ్రైవరు బాబాయి ఒక్కడే చప్పట్లు కొట్టాడు. నేను ఇంకో రికార్డు పెట్టాను, ఆ తర్వాత ఇంకోటి. కొన్నిట్లో ఊరుకుంది, కొన్నిట్లో ఊరుకోలేదు.

మర్నాడు పరీక్ష హాలు బయట కూర్చోలేక, నిలబడలేక తిరుగుతున్నాను. వదిన బయటికొచ్చి నన్ను దాటుకుని గబగబా వెళ్లిపోయింది. వెనకాలే పరిగెత్తాను.

"ఏమైంది వదినా?"

"ఒకావిడ చేపని కడక్కుండానే పెనం మీద వేసేసింది. మొదట ఏం చేసిందని అడిగారు."

"నువ్వేం రాశావు?"

వీధి మలుపు దగ్గర ఆగింది.

"పెనం మీద వేసిందనే రాశాను," అంది.

నాకు ఊపిరి వచ్చింది. వదిన కాస్త ముందుకెళ్లి మళ్లీ ఆగింది.

"పిల్లలెవరూ తినుండరు కదే?"