ఏసీ గదిలో ఇనప మంచం

ఇల్లు రిపేరుకిచ్చి, దర్జీ దంపతులు సామానంతా గోడౌనుకు చేర్చారు.

"ఇనప మంచం, గిన్నెలు మామూలు షెడ్డులో చాలు. పట్టుబట్టలు, పాత ఫోటోలు మాత్రం ఏసీ గదిలో పెట్టండి. వేడికి పాడైపోతాయి" అన్నాడు మేనేజరు.

మర్నాటి నుంచి దర్జీ రోజూ "ఫోటోలు ఎలా ఉన్నాయో చూసొస్తా" అంటూ మధ్యాహ్నం వెళ్ళి, పొద్దుగూకాక వచ్చేవాడు. నాలుగోరోజు భార్య అనుమానంతో వెంట వెళ్ళింది. ఏసీ గదిలో ఇనప మంచం మీద ఆయన గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

"ఏమండీ! మంచం షెడ్డులో కదా ఉండాలి?"

దర్జీ ఉలిక్కిపడి లేచాడు. "ఎండకి కందిపోతుందేమోనని..."

"మంచమా, మీరా?"

ఆవిడ చెమట తుడుచుకుని, తలుపు దగ్గరగా వేసింది.

"కాస్త అటు జరగండి" అంది.